నా ఒడికి సరిపడే గిటారు

హనుమకొండలో వాయిద్యాలమ్మే దుకాణాయన ఫోన్ చేసి, "అన్నా, మహాగనిది తెప్పియ్యాల్నా, మేపుల్‌ది తెప్పియ్యాల్నా? చిన్న బాడీయా, పెద్ద బాడీయా? జర జల్ది చెప్పు" అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, నా మీదే. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ అప్పటికే ఆరు నెలలు తగలేశాను. ఆరు నెలల్లో మా కొత్తవాడలో ఎంతమంది ఎన్ని జంపఖానాలు నేసి అమ్ముకున్నారో! నేను ఒక కట్టె పేరు తేల్చుకోలేకపోయాను.

గిటారు నాకు కొత్త కాదు. పదహారేళ్ళు పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో వాయించాను. పరకాల నుంచి ఏటూరునాగారం దాకా నేను ఎక్కని షామియానా స్టేజీ లేదు. పగలు పవర్‌లూం షెడ్డులో పని, సీజన్‌లో సాయంత్రాలు పాట. షెడ్డులో పని ఇప్పించింది మా బాపే. చేతిమగ్గం మీద కడుపు నిండదని, షెడ్డు యజమానిని తానే బతిమాలి నన్ను అక్కడ పెట్టించాడు. రెండేళ్ళ కింద ఆ షెడ్డులోనే మిషను బెల్టు నా ఎడమ చేతిని లాక్కుంది. మధ్యవేలు, ఉంగరపు వేలు సగానికి పోయాయి.

దవాఖానలో కట్టు విప్పిన రోజు నేను మొదట అడిగింది గిటారు గురించే. డాక్టరు, "వేరే ఏదన్నా హాబీ పెట్టుకోండి" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పదహారేళ్ళ బతుకును పట్టుకుని హాబీ అంటాడా!

మామూలు గిటారుకు ఎడమ చేతి వేళ్ళతో తీగల్ని నొక్కిపట్టాలి. మిగిలిన చూపుడువేలితో, చిటికెన వేలితో ప్రయత్నించాను. పళ్ళూడినవాడు చెరుకు నమిలినట్టుండేది. నాలుగు రోజులు చూసి దాన్ని మేకుకు తగిలించేశాను. ఆ గోడ వైపు తల తిప్పకుండా అన్నం తినడం అలవాటు చేసుకున్నాను.

ఒకరోజు ఫోన్‌లో ఏదో చూస్తుంటే ఒకాయన గిటారును ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని వాయిస్తున్నాడు. ఎడమ చేతిలో ఉక్కు కడ్డీ, దాన్ని తీగల మీద ఊరికే జారుస్తున్నాడు. నొక్కడం లేదు! దాన్ని రెజొనేటర్ గిటారు అంటారట. పొట్టలో పల్చటి అల్యూమినియం రేకు ఒకటి చిన్న మూకుడులా ఉంటుంది. తీగ అదిరితే అది మోగుతుంది. ఆ వీడియో నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ ఏడ్చాను. ఇంత పెద్ద మగాణ్ని, సిగ్గుపడలేదు.

అక్కడితో ఆగి ఒకటి తెప్పించుకుని ఉంటే బాగుండేది. ఏది మంచిదని వెతకడం మొదలుపెట్టాను. ఒకడు మేపుల్ అయితే స్వరం గాజుగ్లాసు మీద చెంచా కొట్టినట్టు ఖంగున పలుకుతుందంటాడు. ఇంకొకడు మహాగనిలోనే మెత్తదనం ఉందంటాడు. పెద్ద బాడీకి కింది స్వరాలు నిండుగా వస్తాయట, చిన్న బాడీకి ప్రతి తీగా విడివిడిగా తెలుస్తుందట. ఒకడు లోతు ముఖ్యమంటే, ఇంకొకడు వెడల్పు ముఖ్యమంటాడు. మూడోవాడు వచ్చి, అసలు మోగేది రేకేననీ, కట్టె ఏదైనా పెద్ద తేడా రాదనీ అంటాడు. వాణ్ని మాత్రం నేను నమ్మలేదు. గోరంత స్పీకరున్న ఫోన్‌ను చెవికి ఆనించుకుని, ఇది మహాగని, అది మేపుల్ అని తీర్పులిచ్చేవాణ్ని. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు తయారైంది నా వ్యవహారం. "మన పెళ్ళిచూపులకు గూడ గిన్ని దినాలు పట్టలే" అంది నా భార్య.

బాపు మాత్రం ఏమీ అనలేదు. చేతికి దెబ్బ తగిలినప్పటి నుంచి ఆయన నాతో అవసరానికి మించి మాట్లాడడం లేదు. నా ఎడమ చేతి వైపు చూడనే చూడడు. అన్నం తినేటప్పుడు కూడా నాకు కుడిపక్కనే కూర్చుంటాడు. ముందు గదిలో ఆయన గుంత మగ్గం ఉంది. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు వదిలి, అంచు మీద కూర్చుని, అడ్డపోగు నడిపే నాడెను అటూ ఇటూ విసురుతూ నేస్తారు. దాని మీద సగం నేసిన జంపఖానా రెండేళ్ళుగా పాత దుప్పటి కింద అలాగే ఉంది. "మోకాళ్ళు నొస్తానయ్" అనేవాడు అడిగితే. మోకాళ్ళు కాదు, నా మీది కోపమని నాకు తెలుసు అనుకునేవాణ్ని. ఇప్పించిన పని కూడా జాగ్రత్తగా చేసుకోలేని కొడుకని అలిగి మానేశాడనుకున్నాను.

చివరికి దుకాణాయనే విసిగిపోయాడు. "రెండూ తెప్పిస్త. మూడు దినాలు ఇంట్ల పెట్టుకొని చూడు. ఆదివారం పొద్దుగూకెవరకు మా మనిషి వస్తడు. నచ్చింది ఉంచుకో, లేకపోతే రెండూ పంపియ్. మళ్ళ తెప్పియ్యమంటే మాత్రం నాతోని కాదన్నా" అన్నాడు.

అలా శుక్రవారం పొద్దున రెండు పెట్టెలు మా ఇంటికొచ్చాయి. ఒకటి చిన్నది, మహాగనిది, సన్నటి నడుము. రెండోది మేపుల్‌ది, లోతైన పొట్టతో మా పెదనాయిన లాగా ఉంది. ఒళ్ళో పెట్టుకునే రకం కాబట్టి రెండింటి మెడలూ గుండ్రంగా కాక పలకలుగా ఉన్నాయి.

నేరుగా వాయించి చూడొచ్చు కదా! లేదు, మా మగ్గాలు చేసే వడ్లాయన్ని పిలిచాను. కట్టె సంగతి ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుసని నా తెలివి. ఆయన రెండింటినీ వేలి గణుపుతో కొట్టి చూశాడు, చిన్నదాని రంధ్రంలో గోరు పెట్టి అంచు గీకాడు. "ఇది పొరల కట్టె. ప్లైవుడ్. పెద్దది మాత్రం నిండు కట్టె" అన్నాడు. అంతే, నా మొహం మాడిపోయింది. మా వాడలో ప్లైవుడ్ అంటే తిట్టుతో సమానం. పక్కింటివాళ్ళు ఒకసారి మగ్గం తొక్కుడు చెక్కలు ప్లైవుడ్‌వి వేయించుకుంటే, వానాకాలం గుంత చెమ్మకు అవి అప్పడాల్లా ఉబ్బాయి. ఆ సంగతి చెప్పుకుని ఇప్పటికీ నవ్వుతారు. గిటారు మగ్గం గుంతలో నానేది కాదన్న ఆలోచనైనా రాలేదు నాకు. చిన్నదాన్ని ఒక్క తీగ మీటకుండా పెట్టెలో పెట్టి మూత వేశాను.

ఇక పెద్దదానితో నా కుస్తీ. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు పైకి లేచి, అది జారి నా పొట్ట మీదికొచ్చింది. స్టూలు మీద కూర్చుంటే ముందుకు జారి నేల వైపు పోయింది. నులక మంచం మీద ఒక పక్కకు ఒరిగింది. సక్లంముక్లం పెట్టుకుని కింద కూర్చుంటే ఒక తొడ ఎత్తు, ఒక తొడ పల్లం. గిటారు ఒరిగితే కడ్డీ ఒరుగుతుంది, కడ్డీ ఒరిగితే స్వరం చెడుతుంది. వచ్చేది పాట కాదు, అంబులెన్సు కూత. మేపుల్‌దే తప్పన్నాను. లోతు ఎక్కువన్నాను. మబ్బు పట్టి తీగలు సరిగా పలకడం లేదన్నాను. కిటికీ అవతల హారన్ కొట్టిన ఆటోవాణ్ని కూడా తిట్టాను.

ఆదివారం మధ్యాహ్నం కడ్డీ నా సగం వేళ్ళ మధ్య నుంచి జారి కాలి బొటనవేలి మీద పడింది. గోరుచుట్టు మీద రోకటి పోటు. గిటారును మంచం మీదికి తోసేసి అరిచాను. "ఏ కట్టెదైతే ఏంది! నా చెయ్యే కట్టె అయిపోయింది. రెండూ తీస్కపొమ్మంట, ఈ ఇంట్ల ఇగ గిటారు మాట ఎత్తద్దు!" నిజంగానే అన్నాను ఆ మాట. ఇవి వెనక్కి పోతే నేను మళ్ళీ వాయించనని నాకు తెలుసు.

గడపలో కూర్చున్న బాపు లేచి లోపలికొచ్చాడు.

"మూడు దినాలసంది చూత్తాన. కుర్చీ మీద కూసుంటవ్, మంచం మీద కూసుంటవ్. నీ ఒడి ఎన్నడన్న గట్ల కూసున్నదా రా? పదేండ్లప్పటిసంది నా పక్కన గుంతల కాళ్ళు పెట్టి నేసినోనివి. పో, గుంతల కూసో."

మా ఇంట్లో నేయడానికి తప్ప ఇంకెందుకూ గుంతలో కాలు పెట్టకూడదు. కాళ్ళు కడుక్కుని, మగ్గానికి మొక్కి దిగాలి. చిన్నప్పుడు దాగుడుమూతలాడుతూ అందులో దాక్కున్నందుకు ఇదే బాపు నా వీపు విమానం మోత మోగించాడు.

"దాని మీద బట్ట అడ్డమున్నది గద బాపూ."

ఆయన దుప్పటి తీశాడు. ఎరుపు, నలుపు చారల జంపఖానా దుమ్ము లేకుండా మెరిసింది. మాకు తెలియకుండా రోజూ తుడుస్తున్నట్టున్నాడు. గూట్లోంచి కత్తెర తీశాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. ఇంట్లో చావు జరిగినా సగం నేసిన బట్టను మగ్గం మీంచి కొయ్యరు మావాళ్ళు.

"ఇడువు" అన్నాడు. "షెడ్డుకెల్లి ఫోన్ అచ్చిన దినం ఆగింది ఇది. నాడె నా చేతిలనే ఉండె. అటెన్క ఎన్నోసార్లు కూసున్న. చెయ్యి లేవలే. నేను బతిమాలి ఆడ పెట్టియ్యకపోతే నీ వేళ్ళు నీకుండు గద బిడ్డా."

రెండేళ్ళు ఆయన కోపం గురించి తప్పుగా అనుకున్నాను. నా మీద కోపం ఆయనకు ఎన్నడూ లేదు. నేను ఏడుస్తూ చెయ్యి వదిలేశాను. ఆయన కోశాడు. నేసిన ముక్కను విడదీసి, ఒడికి అడ్డంగా ఉండే, నేసిన బట్ట చుట్టే దోనె ఊడదీసి పక్కన పెట్టాడు.

కాళ్ళు కడుక్కుని గుంతలో దిగాను. అరికాళ్ళకు చల్లటి మట్టి తగిలింది. తొడలు రెండూ పీట వేసినట్టు సమంగా నిలిచాయి. పెద్ద గిటారు పెట్టుకుంటే దాని అంచు ఎదురుగా వేలాడే, పోగును దగ్గరికి కొట్టే అచ్చు చట్రానికి తన్నుకుంది, మోచేతులు పైకి లేచాయి. బాపు వేళ్ళు ఆనించి కొలిచాడు. "రెండు వేళ్ళ మందం ఎక్కువున్నది. చిన్నది తియ్యి."

"అది ప్లైవుడ్ బాపూ."

"మన మగ్గం నాలుగు తీర్ల కట్టె రా. బట్ట చూసి ఏ కట్టె మీద నేసిన్రో ఎవడన్న చెప్తడా? మోగేది లోపటి రేకని నువ్వే గద పొద్దుమాపు ఫోన్ల ఇంటివి."

చిన్నదాన్ని తెచ్చి తానే నా ఒళ్ళో పెట్టాడు. జారకుండా, కోసిన జంపఖానా ముక్కను మడిచి కింద వేశాడు. మోచేతులు నాడె అందుకునే ఎత్తులో నిలిచాయి. కడ్డీని తీగల మీద ఆనించి ఒక తీగ మీటాను. కడ్డీ ఒరగలేదు. మెల్లగా జరిపాను. స్వరం కింది నుంచి పైకి ఎక్కడా చిరగకుండా పోయింది. దాని కట్టె మెత్తనో ఖంగో నేను గమనించనేలేదు.

సాయంత్రం దుకాణం మనిషి వచ్చి, పెద్ద పెట్టె తీసుకుని, కట్టె నచ్చలేదా అని అడిగాడు. బాగుంది, నాకు పట్టలేదని చెప్పాను. తిరిగొచ్చి మళ్ళీ గుంతలో కూర్చున్నాను. బాపు గుంత అంచున చేరి, కోసిన పడుగు పోగులు చిక్కుపడకుండా గుత్తులుగా ముడివేస్తున్నాడు. ఈసారి నాకు ఎడమపక్కన కూర్చున్నాడు. నేను కడ్డీ పట్టుకోగానే ముడివేయడం ఆపి, నా సగం వేళ్ళను చూస్తూ ఉండిపోయాడు.

"కొట్టు బిడ్డా" అన్నాడు.