బీరమొలకలు మాడిన మడి

రావులపాలెం దగ్గర గోదావరి లంకలో మరిడమ్మ, ఆమె భర్త చిట్టియ్య కూరగాయలు పండించుకునేవారు. రెండు వేల నాలుగులో తొలిసారి మొక్కజొన్న వేశారు. గడ్డి విపరీతంగా రావడంతో చిట్టియ్య గడ్డిమందు రెట్టింపు కలిపి కొట్టాడు. మొక్కజొన్న బాగానే పండింది. దాని తరువాత పెట్టిన బీరగింజలే మొలిచి, రెండాకులు వేసి, అంచులు మాడి చచ్చిపోయాయి. మళ్లీ పెట్టారు. మళ్లీ అంతే అయింది.

అప్పటికి మరిడమ్మకు అయిదో నెల. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. మాడిన మొలకలు పీకుతూ ఆమె భర్తతో అంది.

"ఈ మట్టిలోనే కదా ఇన్నాళ్లూ చెప్పుల్లేకుండా తిరిగాను. నా కడుపులోదానికి ఏమవుద్దయ్యా?"

చిట్టియ్య మర్నాడే మట్టి మూటగట్టి వ్యవసాయ పరిశోధన కేంద్రానికి పట్టుకెళ్లాడు.

అక్కడి శాస్త్రవేత్త శ్రీదుర్గ కొన్నాళ్లకు ఒక డబ్బాతో పొలానికి వచ్చింది. గడ్డిమందు ఇంకా మట్టిలోనే ఉందని, మొక్కజొన్న దాన్ని తట్టుకున్నా బీర తట్టుకోలేదని చెప్పింది.

"ఇది సూక్ష్మజీవుల నుంచి తీసిన ఎంజైమండి. మన పొట్టలో అన్నాన్ని అరిగించే రసం ఉంటుంది చూడండి, అలాంటిదే. ఆ మందును ముక్కలు చేసేస్తుంది."

"మందునే అరిగించేది మనిషిని వదులుద్దాండి?" అంది మరిడమ్మ.

శ్రీదుర్గ నవ్వలేదు. "దీని పని ఆ మందు మీదేనండి. అయినా మీరు గట్టు మీదే ఉండండి. మేమూ ఇంకా పరీక్ష చేసి చూస్తున్నదే. ముందు సగం మడికే పోద్దాం."

పరీక్ష అన్న మాట విని మరిడమ్మ గట్టు మీద ఇంకా వెనక్కి జరిగింది. ఆ రోజే సగం మడికి పోశారు.

మర్నాడు పొద్దున్నే వాళ్ల గేదె మేత ముట్టకుండా కూలబడి ఉంది. ఆ డబ్బాలోదే దీన్ని పట్టుకుందనుకుని మరిడమ్మ భర్తను డాక్టరు కోసం పరుగెత్తించింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, మొక్కజొన్న గింజలు ఎక్కువ తిని పొట్ట ఉబ్బిందన్నాడు. సాయంత్రానికి గేదె లేచింది. మరిడమ్మ మాత్రం పొలం బోరు నీళ్లు తాగడం మానేసింది, ఆ మడి వైపు వెళ్లడమే మానేసింది.

చిట్టియ్య మళ్లీ మడంతా గింజలు పెట్టాడు. ఎంజైము పోయని సగంలో మొలకలు మునుపటిలాగే మాడాయి. పోసిన సగంలో పాదులు పందిరి ఎక్కాయి. భార్యను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాడు. ఆమె ఒక్కో ఆకునూ తిప్పి అంచులు చూసింది. తరువాత శ్రీదుర్గ మిగతా సగానికీ పోయించింది. ఆ కాపులో ఒక్క కాయ కూడా మరిడమ్మ వండలేదు.

రాజమండ్రి ఆస్పత్రిలో కాన్పయింది. ఆడో మగో కూడా అడగలేదు.

"ఏడ్చిందాండి?" అంది.

"ఇందాకటి నుంచీ ఏడుస్తూనే ఉందమ్మా, వినపడట్లేదా?" అంది నర్సు.

అప్పుడు వినిపించింది మరిడమ్మకు.