ఐలవ్వ నాలుగు ప్లేట్లు

మా వదిన ఐలవ్వకు దేవుళ్ల మీద కన్నా దేవదాస్ మీద భక్తి ఎక్కువ. ఈ దేవదాస్ ఎవరో కాదు, మా మెట్‌పల్లి దిక్కు నేతవాళ్ల పిల్లవాడే. మగ్గం కూడు పెట్టక బొంబాయి మిల్లుకు పోయాడు. అక్కడ కష్టం చేసుకునేవాళ్ల మీద తనే పాటలు కట్టి, తనే పాడి, నాలుగు గ్రామఫోను ప్లేట్లు వేయించాడు. మిల్లు మీద ఒకటి, మగ్గం మీద ఒకటి, బొగ్గుబాయి మీద ఒకటి, బీడీల మీద ఒకటి. అదే మిల్లులో పనిచేసే వదిన తమ్ముడు పర్శరాములు ఆ ప్లేట్లనూ, వాటిని వాయించే ఒక పాత గ్రామఫోను పెట్టెనూ మోసుకొచ్చి అక్క ముందు పెట్టాడు.

అప్పట్లో వదిన, నేను, పక్కింటి చంద్రవ్వ ఒకే అరుగు మీద బీడీలు చుట్టేవాళ్లం. పొద్దున ఒళ్లో చాట పెట్టుకుంటే దీపాలు పెట్టేదాకా నడుము ఎత్తేది లేదు. వేళ్లు కొయ్యబారేవి. తంబాకు ఘాటుకు రొమ్ము పట్టేసేది. మధ్యాహ్నం మాత్రం వదిన పెట్టె తెరిచేది. చావి తిప్పాలి, ముల్లు మార్చాలి, ప్లేటు తిరగెయ్యాలి. ఇక బీడీ చుట్టేదెప్పుడు? అందుకని పాట సాగినంతసేపు మేం చుట్టిన వాటిలోంచి కొన్ని ఆమె చాటలో వేసేవాళ్లం. దొరసాని తిప్పుతుంది, మనం చుట్టాలి, బాగుంది వరస అని చంద్రవ్వ సణిగేది. సణుగుతూనే వేసేది, ఆమె నోరే అంత.

బీడీల పాటలో ఒక మాట వస్తుంది: “వేళ్లకు నిద్రెప్పుడవ్వా?” అది రాగానే వదిన తన చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకునేది. కట్టుకున్నవాడు అడగలేదు, అంత దూరాన బొంబాయిలో ఉన్నవాడు అడిగాడు అనేది. నాకూ ఏడుపొచ్చేది, దాచడమెందుకు.

అరవై రెండులో ముసురు పట్టి వదల్లేదు. మెత్తబడ్డ బీడీలను కార్ఖానావాళ్లు పారేస్తారు కనుక, కుంపటి మీద వెదురుబుట్ట బోర్లించి దాని మీద ఆరబెట్టేవాళ్లం. ప్లేట్లకు బూజు పడుతుందని వదినకు ఒకటే బెంగ. ప్రాణంలాంటి వాటిని బీడీలకన్నా తక్కువ చూస్తుందా? వాటినీ ఆ బుట్ట మీదే పరిచింది. ప్లేట్లు లక్కతో చేస్తారట. చేతులకు లక్కగాజులు వేసుకునే మాకు ఎవరికీ సెగకు లక్క మెత్తబడుతుందన్న ఆలోచన రాలేదు, మా మొహాలు మండ. మధ్యాహ్నానికి నాలుగూ అప్పడాల్లా వంకర తిరిగాయి. ముల్లు పెడితే ఎగిరి పడింది.

వదిన ఏడవలేదు. పెట్టె మూసేసి, చాట దగ్గరికి లాక్కుని చుట్టడం మొదలుపెట్టింది. మర్నాడూ అంతే. మధ్యాహ్నమైనా చెయ్యి ఆపలేదు, దగ్గుతూనే చుట్టింది. ఇన్నాళ్లూ ఆ కాస్త పాట వేళే ఆమెను మోసుకొచ్చిందని అప్పుడు తెలిసింది మాకు.

చంద్రవ్వ ఊరుకోలేదు. తన చాటలోంచి పిడికెడు బీడీలు తీసి వదిన చాటలో వేసింది. పాటే లేనప్పుడు ఇవెందుకని వదిన వెనక్కి తోసింది.

“పాట లేకుంటే లేకపాయె. ఉత్త పెట్టెనే తిప్పక్కా” అంది చంద్రవ్వ. “నీ వేళ్లన్న జర నిద్రపోనీ.”

వదిన పెట్టె తెరిచి చావి తిప్పింది. ప్లేటు లేని చక్రం తిరగసాగింది. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అది ఆగేదాకా మేమిద్దరం ఆమె వంతు బీడీలు చుట్టాం.