ఓర్వలేని తోటమాలి

మా ఆయనకు ఒకటే జబ్బు. తన తోటలో పూలను ఎవరైనా వాసన చూస్తే ఓర్వలేడు. ఆయన పేరు యాకయ్య. ఈ వయసులో మొగుడి పేరు చెప్పినా నన్నెవరూ ఏమీ అనరులెండి.

స్టేషన్ ఘన్‌పూర్ అవతల దొర తోటకు ఆయన మాలి. దొర ఎక్కడెక్కడి మొక్కలో తెప్పించి, ఒక్కోదాని పక్కన ఉర్దూలో పేరు రాసిన రేకుముక్క పాతించాడు. చలి వెనకపట్టే మాఘంలో చేమంతి, గులాబీ, దవనం, మరువం ఒక్కసారే గుప్పుమనేవి. ఎవరైనా వంగితే చాలు, మా ఆయన ఉరికొచ్చేవాడు.

"ముక్కు జర దూరం పెట్టుండ్రి! మీరే పీల్చుకపోతే రేపటికి పువ్వుకేం మిగుల్తది?"

ఓసారి తేనెటీగను కూడా గదమాయించాడు. "తేనె తాగు, పో. వాసన జోలికి రాకు!"

ఒకనాడు దొర బామ్మర్దినే మూడడుగులు వెనక్కి జరిపితే, దొర పడీపడీ నవ్వాడు. "వీడు నా తోటకు మొగుడు!"

మరి నాకేమవుతాడట? పెళ్లయి పదిహేనేళ్లు. నా కొప్పులో ఒక్క చేమంతి పెట్టలేదు, ఒక్క తీపి మాట చెప్పిన పాపాన పోలేదు. ఆ తోట నాకు సవతే.

రజాకార్ల ఏడు వచ్చింది. దొరల మీద తిరగబడ్డ సంఘానికి భయపడి దొర పట్నం పారిపోయాడు. మా ఆయన మాత్రం కదల్లేదు. ఆ మాఘంలోనే, నీళ్లకొచ్చిన పక్కింటి చంద్రమ్మ నా చెవిలో ఊదింది.

"అక్కా, బావ దోతి నిండ దవనం, గులాబీలు తెంపుకొని పారలు పెట్టే కొట్టంలకు పోతుండు. లోపట ఆడమనిషి నవ్వినట్టు ఇనవడ్డది."

నా ఒళ్లు భగ్గుమంది. చీపురు పట్టుకుని పోయి తలుపు తన్నాను.

లోపల, కాలికి కట్టుతో అరవై ఏళ్ల ముసలమ్మ. మంచం చుట్టూ దవనం కుప్పలు.

"నువ్వేనా రాజమణివి? దా బిడ్డా, కూసో," అంది నవ్వుతూ.

ఆమె లచ్చవ్వ. సంఘపోళ్ల వడిసెలకు రాళ్లందిస్తుంటే పిక్కలో పోలీసుల తూటా దిగిందట. పుండు వాసన దారిన పోయేవాళ్లకు తెలియకుండా మా ఆయన ఆ పూలన్నీ పోశాడు.

"నాకెందుకు చెప్పలె?" అని నిలదీశాను.

ఆయన తల గోక్కున్నాడు. "తెలిసినోళ్లను చెప్పేదాంక కొడ్తరు. తెల్వనోళ్లను జర కొట్టి ఇడిసిపెడ్తరు."

రెండు రోజులకు జమేదారు జవాన్లతో సోదాకు వచ్చాడు. గేటు దగ్గరే ఓ గులాబీ మీదికి వంగాడు.

"ముక్కు జర..." అనబోయి, చెంపదెబ్బ తిన్నాడు మా ఆయన.

వాళ్లు నేరుగా కొట్టం వైపు నడిచారు. నేను వాళ్లకంటే ముందే ఉరికాను. చీపురు ఎత్తి తలుపుకు అడ్డంగా నిలబడి, వెనకే వచ్చిన మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

"పదిహేనేండ్లల్ల నాకొక్క పువ్వన్న ఇచ్చినవా? తెంపిన పూలు ఎవతి కొప్పుల పెడ్తున్నవ్? చెప్పు!"

అందులో సగం నాటకం. దెబ్బలు మాత్రం నిజం. చీపురు తిరిగిన జోరుకు జవాన్లు వెనక్కి తగ్గారు. జమేదారు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"చలోరె! సంఘపోళ్లకైనా ఎదురు పోవచ్చుగని, మొగడు పెండ్లాం నడ్మ పోవద్దు!"

ఫాల్గుణానికి లచ్చవ్వ లేచి నడిచింది. చంద్రమ్మ వాళ్ల ఎడ్లబండి ఎక్కుతూ ఆమె నా గదవ పట్టుకుంది.

"నీ మొగనికి నోరు లేదనుకున్నవా? పొద్దు పొద్దంత నీ ముచ్చటే. నా రాజమణి గిట్ల నవ్వుతది, గిట్ల అలుగుతది, పచ్చిపులుసు గిట్ల చేస్తదని... ఇనలేక సచ్చిన తల్లీ!"

బండి కదిలింది. మా ఆయన చెవుల దాకా ఎర్రబడి, చేమంతుల్లో తల దూర్చాడు.

తోట మీద నా కుళ్లు ఆనాటితో పోయింది. కానీ లచ్చవ్వ మీద మాత్రం ఇప్పటికీ ఉంది. నాకు చెప్పాల్సిన మాటలన్నీ ఆ ముసల్ది నెల రోజులు మంచం మీద పడుకుని వినేసిపోయింది!