విల్డా దాచిన ఆరు తుపాకులు

మా ఊళ్ళో విల్డా హెట్రిక్‌ని దొంగ అంటున్నారు. అనేవాళ్ళలో సగం మందికి తుపాకీ పట్టుకోవడం నేర్పింది ఆవిడే. ఆ మాట వినపడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. తుపాకులంటే గిట్టనివాడెవడో పట్నంలో కూర్చుని రాస్తున్నాడనుకోకండి. నా పేరు క్లీట్ హోస్లర్. పెన్సిల్వేనియా కొండల్లో బేకర్స్ రన్ అనే మా ఊళ్ళో ముప్పయ్యేళ్ళుగా తుపాకుల కొట్టు నడుపుతున్నాను. మా నాన్నా అదే చేశాడు. తుపాకీ ఉంచుకోవడం మనిషి హక్కని నేను ఎంతమందితో వాదించానో లెక్కలేదు. ఇప్పటికీ వాదిస్తాను. కానీ విల్డాకి ఈ ఊరు చేసింది తలుచుకుంటే ఎవడి పీకైనా పట్టుకోవాలనిపిస్తుంది, ముందు నాదే.

విల్డా, నేనూ ఒకే బడిలో చదివాం. పన్నెండో ఏట, వేట లైసెన్సు వచ్చిన మొదటి రోజే ఆవిడ జింకని కొట్టింది. ఆ ఏడు నాకు తోక కూడా కనపడలేదు. దానికి నాకు పెళ్ళయ్యేదాకా నన్ను ఏడిపించింది. ఆవిడకి పదహారేళ్ళప్పుడు తల్లి పోయింది. తండ్రి పొద్దున వెళితే చీకటి పడ్డాక వచ్చేవాడు. ఎనిమిదేళ్ళ తమ్ముడు డెంటన్‌ని పెంచింది విల్డాయే. వాడికి చదువు చెప్పించింది, చెవులు మెలేసింది, అడవిలోకి తీసుకెళ్ళి గురి నేర్పింది. తను పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "ఒకణ్ణి పెంచాను చాలు, ఇంకొకణ్ణి పెంచే ఓపిక లేదు" అనేది.

బడి వంటశాలలో వంట చేసేది. నోరు మహా చెడ్డది. ఏటా ఎండాకాలం మా ఊరి అగ్నిమాపక దళం వాళ్ళ ఫైర్ హాల్లో పిల్లలకి వేట పాఠాలు చెప్పేది. "ముందు నీ వేలు ట్రిగ్గర్ మీంచి తియ్యి, తర్వాత నీ తెలివితేటలు చూపిద్దువుగాని" అని అరిస్తే వీధిలో పోయేవాళ్ళు కూడా చేతులు జేబుల్లోంచి తీసేవారు. తను కొట్టిన జింక మాంసం సగం ఊళ్ళో ఒంటరి ముసలమ్మల ఇళ్ళకి పోయేది. అలాంటి మనిషిని పట్టుకుని తుపాకుల శత్రువంది ఈ ఊరు!

రెండేళ్ళ క్రితం ఫిబ్రవరిలో డెంటన్ భార్య మార్లిస్ క్యాన్సర్‌తో పోయింది. డెంటన్ సామిల్లుకి వెళ్ళేవాడు, వచ్చేవాడు, అంతే. మార్చిలో ఒకరోజు తన వేటకుక్కని పక్కింటివాళ్ళకి ఇచ్చేశాడు. ఆ కుక్కని వాడు ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ సంగతి తెలిసి విల్డా వాణ్ణి ఆదివారం భోజనానికి పిలిచి, మొహమాటం లేకుండా అడిగేసింది.

"చచ్చిపోదామనుకుంటున్నావా రా?"

"ఏమో అక్కా" అన్నాడట వాడు, కంచం వంకే చూస్తూ.

కాదు అనలేదు. అదే ఆవిడ గుండెలో గుచ్చుకుంది. మర్నాడు వాడు మిల్లులో ఉండగా తన దగ్గరున్న తాళంతో వాడి ఇల్లు తీసి, ఐదు తుపాకుల్నీ దుప్పట్లలో చుట్టి తన బండిలో వేసుకుపోయింది. దొంగచాటుగా కాదు. సాయంత్రం వాడి వాకిట్లో నిలబడి చెప్పింది. "నీవి నా దగ్గరున్నాయి. నవంబర్లో జింకల వేట మొదలయ్యే రోజు పొద్దున్నే తెచ్చిస్తా. ఈలోగా అడక్కు." వాడు తిట్టాడు. తలుపు వేసుకున్నాడు. కానీ ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. అక్కడితో ఆగినా బాగుండేది.

మేలో మా ఫైర్ హాల్లో తుపాకుల లాటరీ. మా ఊరి అగ్నిమాపక బండికి టైర్లు, గొట్టాలు అన్నీ ఆ లాటరీ డబ్బుతోనే వస్తాయి. బీరు, మాంసం రొట్టెలు, పది నిమిషాలకో నంబరు, నంబరుకో తుపాకీ. విల్డా ఏటా రెండు టిక్కెట్లు కొంటుంది, ఒకటి తన పేరున, ఒకటి డెంటన్ పేరున. వాడికి పద్దెనిమిది నిండినప్పటినుంచీ అంతే. ఆ ఏడు కూడా చెయ్యి అలవాటుకొద్దీ వాడి పేరు రాసేసింది. వాడి తుపాకులు ఎత్తుకెళ్ళిన మనిషే వాడికి తుపాకీ గెలిచే టిక్కెట్టు కొంది! మా ఊరివాళ్ళు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరూ ఇలాంటి పొరపాటు చెయ్యరు.

ఏడో నంబరు తీసి మైకులో చదివింది నేనే. "డెంటన్ హెట్రిక్!" జనం ఈలలు వేశారు. వంటగదిలో కేకు ముక్కలు కోస్తున్న విల్డా చాకుతో సహా పరిగెత్తుకొచ్చింది.

"ఒరేయ్ క్లీట్, ఇంకో నంబరు తియ్యి."

"తీసిన నంబరు ఎలా మారుస్తాను విల్డా?"

"నేను కొన్నాను ఆ టిక్కెట్టు. నా పేరు రాసుకో."

"టిక్కెట్టు మీద వాడి పేరుంది."

"నా మొహం! రాసింది నేనేగా!"

ఈలోగా ఎవడో పుణ్యాత్ముడు డెంటన్‌కి ఫోన్ చేశాడు. వాడు పావుగంటలో వచ్చాడు. మనిషి సగమైపోయాడు, గడ్డం పెరిగిపోయింది. అందరి ముందూ నిలబడ్డాడు.

"ఇది నాకు కావాలి. మా అక్క ఎత్తుకెళ్ళిన ఐదూ కావాలి. మీరంతా సాక్షులు."

హాలంతా విల్డా వైపు తిరిగింది. ఆవిడ చాకు బల్ల మీద పెట్టింది. "వాడి హక్కు కాదన్నానా? అమ్ముకున్నానా నేను? నవంబరు దాకా దాచి ఉంచుతానన్నాను. హక్కు ఎక్కడికీ పారిపోదు. దాన్ని అనుభవించడానికి మనిషి మిగలాలి కదా!"

అగ్నిమాపక దళం అధ్యక్షుడు ఒరిన్ డెట్‌వైలర్, ఎనభయ్యేళ్ళ పెద్దమనిషి, గొంతు సవరించుకున్నాడు. "అది దేవుడిచ్చిన హక్కమ్మా. మధ్యలో నువ్వెవరు?"

"వీడి ముక్కు తుడిచినదాన్ని ఒరిన్ గారూ. మీ దేవుడొచ్చి తుడిచాడా?"

కొందరు నవ్వారు. డెంటన్ నవ్వలేదు. "నేనే నేరమూ చెయ్యలేదు" అన్నాడు. "ఎవర్నీ బెదిరించలేదు. పెళ్ళాం పోతే ఏడ్చాను. ఏడ్చినోడి తుపాకులు లాగేసుకోవచ్చా? ఇవాళ మా అక్కకి భయమేసింది, నావి పోయాయి. రేపు మీ పక్కింటోడికి భయమేస్తుంది, మీవి పోతాయి. ఎవడో భయపడ్డప్పుడల్లా మూటగట్టి పట్టుకుపోయేదాన్ని హక్కంటారా?"

హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. మాట బాగుంది మరి. ఇప్పటికీ ఆ మాట తప్పనను. కానీ కళ్ళు గుంటలు పడి, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని వచ్చిన మనిషికి చప్పట్లు కొడుతున్నామని మాలో ఒక్కడికీ తట్టలేదు. వాదన విన్నాం, మనిషిని చూడలేదు. సిగ్గులేని జన్మలు మావి.

లాటరీలో గెలిచినా తుపాకీ చేతికి రావాలంటే నా కొట్టుకి వచ్చి కాగితం నింపాలి, నేను పోలీసులకి ఫోన్ చేసి వాడి మీద నేరాలేమైనా ఉన్నాయేమో ఆరా తియ్యాలి. సోమవారం పదింటికి డెంటన్ వచ్చాడు. వాడి వెనకే విల్డా, బడి ఏప్రన్‌తోనే వచ్చేసింది. నేను ఫోన్ చేశాను. నాలుగు నిమిషాల్లో ఇవ్వొచ్చన్నారు.

"ఇవ్వొచ్చన్నారు సరే. ఇచ్చి తీరాలన్నారా?" అంది విల్డా.

నేను బల్ల మీద కాగితాలు సర్దుతున్నాను.

"నీ కొట్టు, నీ బల్ల. పోయినేడు తాగొచ్చాడని ఒకణ్ణి గెంటేశావుగా? ఇవాళ నోరు పడిపోయిందా?"

"వాడిది వాడికి ఇవ్వనంటే ఊళ్ళో నా మొహం ఎవడైనా చూస్తాడా విల్డా?" అన్నాను. నిజం అదే. హక్కూ లేదు, సిద్ధాంతమూ లేదు, నా బేరం పోతుందని భయపడ్డాను. డెంటన్ సంతకం పెట్టాడు. నేను తుపాకీ ఉన్న పెట్టెని వాడి ముందుకు తోశాను.

విల్డా ఆ పెట్టెని చంకలో పెట్టుకుని బయటికి నడిచింది. పరిగెత్తలేదు. బండెక్కి వెళ్ళిపోయింది. డెంటన్ అరుస్తున్నాడు. పోలీసులకి ఫోన్ చేసింది నేనే.

వాళ్ళు వచ్చి విల్డా ఇల్లంతా వెతికారు. ఆవిడవి పదకొండు తుపాకులు బీరువాలో భద్రంగా ఉన్నాయి. డెంటన్‌వి ఆరూ లేవు. ఎక్కడ దాచావమ్మా అంటే, "నవంబర్లో చెప్తా" అంది. కేసు పెట్టారు. పది రోజుల్లో తిరిగిచ్చేస్తే చిన్న తప్పుగా రాసి వదిలేస్తామని సర్కారు వకీలు చెప్పాడు. పాస్టరు బతిమాలాడు. విల్డా తరఫు వకీలు తల బాదుకున్నాడు. "పది రోజులంటే జూన్. వాడింకా తిండే సరిగ్గా తినట్లేదు" అంది. అంతే, ఇక నోరు విప్పలేదు.

డెంటన్ ఇంకోటి కొనుక్కోవచ్చుగా అని మీరడగొచ్చు. నేనూ అడిగాను. "నావి ఉండగా కొత్తదెందుకు? నావి నాకు కావాలి" అన్నాడు. హెట్రిక్‌లకి పంతం పుట్టుకతోనే వస్తుంది. ఆ ఎండాకాలమంతా వాడు అక్కని తిట్టని రోజు లేదు. మిల్లులో తిట్టాడు, చర్చి మెట్ల మీద తిట్టాడు. ఆవిడ ప్రతి ఆదివారం సూప్ గిన్నె వాడి వాకిట్లో పెట్టి వచ్చేది. మొదట్లో అది అలాగే ఉండిపోయేది. ఆగస్టులో ఖాళీ గిన్నె బయట పెట్టడం మొదలుపెట్టాడు, తోమకుండా. సెప్టెంబరుకి గడ్డం గీసుకున్నాడు. ఒళ్ళు కాస్త తేరుకుంది. తిట్టే గొంతులో కూడా బలం వచ్చింది.

వేట మొదలయ్యే రోజు తెల్లవారగానే విల్డా ఆరు తుపాకులూ తుడిచి, నూనె పట్టించి, డెంటన్ వాకిట్లో వరసగా పెట్టింది. వాడు ఒకటి తీసుకుని, అక్క మొహం వైపు చూడకుండా అడవిలోకి వెళ్ళిపోయాడు.

జనవరిలో కోర్టు. జడ్జి డెంటన్‌ని సూటిగానే అడిగాడు. "పోయిన మార్చి, మే నెలల్లో మీ మనసు ఎలా ఉండేది? మీ అక్క భయపడడానికి కారణమేమైనా ఉందా?"

"లేదండి. నేను బాగానే ఉన్నాను."

విల్డా వాణ్ణి చూస్తూ కూర్చుంది. తుపాకీ దొంగతనం పెద్ద నేరం. జైలు వెయ్యలేదు, మూడేళ్ళు కోర్టు నిఘాలో ఉండాలన్నారు. కానీ పెద్ద నేరం రుజువైతే ఇక జన్మలో తుపాకీ ముట్టుకోకూడదు. బడిలో ఉద్యోగం పోయింది. పిల్లలకి పాఠాలు పోయాయి. చూశారా న్యాయం! తమ్ముడి హక్కు ఎనిమిది నెలలు పక్కన పెట్టమంటే ఊరూ, దేవుడూ, రాజ్యాంగమూ అన్నీ లేచి నిలబడ్డాయి. అక్క హక్కు చచ్చేదాకా లాగేస్తే ఒక్కడు కుర్చీలోంచి లేవలేదు. హాల్లో చప్పట్లు కొట్టిన ఆ చేతులన్నీ ఏమయ్యాయి?

ఆవిడ తన పదకొండూ నా కొట్టుకే తెచ్చింది. "రాసుకో" అంది. ఒక్కొక్కదాని నంబరూ తనే చదివింది. ఆరోదాన్ని చొక్కా చేతితో ఒకసారి తుడిచింది. తర్వాత దాని నంబరూ చదివింది.

హోటల్లో కాఫీ తాగే మగాళ్ళకి ఇంకో మాట దొరికింది. "చూశావా, డెంటన్ నిక్షేపంలా ఉన్నాడు. అనవసరంగా గొడవ చేసింది." వాడు నిక్షేపంలా ఉన్నాడు కాబట్టి ఆవిడది తప్పట! వాణ్ణి పాతిపెట్టి ఉంటే ఆవిడది ఒప్పయ్యేదేమో!

ఫిబ్రవరిలో డెంటన్ తూటాలకని కొట్టుకొచ్చాడు. ఎవరూ లేరు. డబ్బులిచ్చి కూడా కదల్లేదు.

"క్లీట్, ఆ సోమవారం పెట్టె నా చేతికొచ్చి ఉంటే మంగళవారం చూసేవాణ్ణి కాను" అన్నాడు. "ఎవరితోనూ అనకు."

నేను గల్లాపెట్టె మూసేశాను. "ఈ ముక్క జడ్జిగారితో ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే నా తుపాకులు పోతాయేమోనని."

వాణ్ణి కొట్టులోంచి బయటికి పొమ్మన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయలేను. తలుపుకి తాళం వేసి నేరుగా విల్డా ఇంటికి వెళ్ళాను. ఆవిడ వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీస్తోంది. నిలబడే చెప్పేశాను, ఒక్క మాట కూడా దాచలేదు. వకీలు దగ్గరికి పోదాం, కేసు తిరగదోడదాం, వాణ్ణి బోనెక్కిద్దాం అని అరుస్తున్నాను.

ఆవిడకి అవేవీ వినపడలేదు. చాకు పక్కన పెట్టి, కుర్చీ ఉండగానే నేల మీద కూర్చుండిపోయింది. నలభై ఏళ్ళలో విల్డా ఏడవడం నేను చూడలేదు. రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"అందరూ ఒకే మాట అంటుంటే, నేనే పిచ్చిగా భయపడ్డానేమో అనుకున్నాను క్లీట్. ఊరికే వాడి పరువు తీశానేమో అని. నిజంగా అన్నాడా వాడు? మంగళవారం అన్నాడా?"

"అన్నాడు."

"అయితే నేను దొంగని కాదుగా?"

ఆ రోజు పోలీసులకి ఫోన్ చేసినవాణ్ణి అడుగుతోంది. కాదు విల్డా, కాదు అని చెబుతూ ఆ నేల మీదే ఆవిడ పక్కన కూర్చున్నాను.