రుమాలు వేసిన సీటు

మొన్న ఆదివారం పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటువాళ్ళు కింది హాల్లో ఒక డాక్టరమ్మ చేత మనసు ఆరోగ్యం గురించి మాట్లాడించారు. టీ, సమోసా ఉంటాయన్నారు కాబట్టి నేనూ వెళ్ళాననుకోండి. డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళు ఎదుటివాళ్ళు తమను కాదంటారని ముందే అనుకుంటారనీ, ఆ తర్వాత ప్రతి చూపులోనూ వాళ్ళకు అదే కనబడుతుందనీ, నా కూతురి వయసున్న ఆ పిల్ల మామూలుగా చెప్పుకుపోతూ ఉంటే నా చేతిలో టీ చల్లారిపోయింది. మాదాపూరు వెళ్ళే మా పాత ఆఫీసు బస్సు గుర్తుకొచ్చింది.

మన వయసువాళ్ళకు తెలుసు, తొంభైల చివర అటువైపు ఎటు చూసినా బండరాళ్ళే, వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి కొత్త భవనం. రెండువేల సంవత్సరం వచ్చేలోపు పాత ప్రోగ్రాముల్లో తేదీలన్నీ సరిచేయాలని మమ్మల్ని పదుల సంఖ్యలో చేర్చుకున్నారు. నేను అనంతపురం నుంచి వచ్చి అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్లో దిగాను. ఇంట్లోవాళ్ళకు నేను పెద్ద ఉద్యోగస్తురాలిని. నాకేమో పొద్దున లేచి తల దువ్వుకోవడమే కొండ ఎక్కినంత పని. కారణం అడిగితే ఇప్పటికీ చెప్పలేను. ఆకలి లేదు, ఏడుపూ రాదు, ఎవరైనా నవ్వితే నన్ను చూసే నవ్వారనిపించేది. ఉత్తరంలో ఒకసారి దిగులుగా ఉందని రాస్తే, ఉద్యోగం వచ్చాక కూడా దిగులేమిటని మా అమ్మ తిరుగు టపాలో చీవాట్లు పెట్టింది. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు.

మా బస్సు సికింద్రాబాదులో బయలుదేరి అమీర్‌పేట మీదుగా వచ్చేది. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల అమ్మాయి ఒకామె మొదటి స్టాపులోనే ఎక్కేది. చేరిన కొత్తలో కొన్నాళ్ళు ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం, ఆమె తెచ్చిన గోంగూర పచ్చడి నేను తిన్నాను, నా హాస్టలు ఉప్మాను ఆమె పాపం మెచ్చుకుంది కూడా. తర్వాత మధ్యాహ్నాలు అందరూ డబ్బాలు విప్పుకునే బల్ల దగ్గరకు వెళ్ళడం మానేసి మేడ మెట్ల మీద ఒక్కదాన్నే తినసాగాను. నా మీద కోపమొచ్చిందాండీ అని ఆమె రెండుసార్లు అడిగింది. ఏం లేదన్నాను, మొహం చూడకుండా.

ఆ తర్వాతే ఒకరోజు బస్సెక్కేసరికి ఆమె పక్క సీటులో రుమాలు పరిచి ఉంది. రుమాలు వేసిందంటే సీటు ఎవరికో ఆపిందని మనలో తెలియనిదెవరికి! ఆ ఎవరో నేను కావచ్చునన్న ఊహ మాత్రం నాకు రాలేదు. అప్పటి నుంచి రోజూ నేను దగ్గరకు వచ్చేసరికి ఆమె చెయ్యి గబుక్కున రుమాలు మీదికి పోయేది. తీయడానికేనని ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు నేను కూర్చోకుండా అడ్డుపెడుతోందనుకున్నాను. తలదించుకుని వెనక్కి వెళ్ళిపోయేదాన్ని. యూసుఫ్‌గూడలో ఎక్కిన వాళ్ళెవరో అక్కడ కూర్చునేవారు, చూశావా వాళ్ళ కోసమేనని నాకు నేనే రుజువు చేసుకునేదాన్ని. ఆరునెలలు ఇలాగే గడిచాయి, ఒక్కరోజు కూడా నోరు తెరిచి అడగలేదు.

పెళ్ళి కుదిరి ఆమె ఉద్యోగం మానేసి విశాఖపట్నం వెళ్ళిపోతున్నప్పుడు ఆఫీసులో కేకు కోశారు. నేను తలనొప్పని చెప్పి సెలవు పెట్టాను, నేను లేకపోతే ఎవరికి లోటులే అనుకుని. మర్నాడు బస్సులో ఆమె సీటు ఖాళీగా ఉంటే తెగించి కూర్చున్నాను. మా డ్రైవరు నడివయసు మనిషి, శేరిలింగంపల్లివాడు, అద్దంలో నన్ను చూసి అన్నాడు:

"ఇయ్యాల కూసున్నవా అమ్మా? ఆ మేడం దినాం నీ కోసమే దస్తీ ఏసి సీటు ఆపుతుండె. నువ్వేమో చూడనట్లే ఎనక్కి పోతుంటివి. నీకు గంత కోపమేందో అనుకున్న."

ఆ రోజు నేను ఏ తేదీలు సరిచేశానో నాకే తెలియదు. ఆఫీసు రిజిస్టరులో ఆమె ఇంటి నంబరు పట్టుకుని, సాయంత్రం ఎస్.టి.డి. బూత్‌లో ఫోన్ చేశాను. ఆమె ఇంకా సికింద్రాబాదులోనే ఉంది, తనే ఎత్తింది. "హలో, ఎవరండీ?" అని రెండుసార్లు అంది. ఇన్నాళ్ళూ ముఖం తిప్పుకుని ఇప్పుడెందుకు చేశావని అంటుందేమోనని భయమేసింది. పెట్టేశాను. నిజం తెలిశాక కూడా జబ్బు నా చేత అదే పని చేయించింది. మరో రెండేళ్ళకు మా అక్క పట్టుపట్టి దవాఖానకు తీసుకెళ్ళేదాకా అది జబ్బని నాకూ తెలియదు. అప్పటికి ఆమె ఆ నంబరులో లేదు.

ఇప్పటి పిల్లలు నయం, మనసు బాగాలేదని పైఅధికారికే చెప్పి సెలవు తీసుకుంటున్నారు. వాళ్ళను చూస్తే నాకు అసూయగా ఉంటుంది, దాచుకోవడం ఎందుకు. వాళ్ళిప్పుడు ఎవరికి వారే కారు పిలిపించుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని అవే రోడ్ల మీద వెళుతున్నారు. మాట్లాడని మనిషి కోసం ఆరునెలలు ఓపిక పట్టే తోటి ప్రయాణికులు వాళ్ళకు దొరుకుతున్నారో లేదో. ఆ డాక్టరమ్మను అడగాలనుకున్నాను, అప్పటిలాగే అడగకుండా వచ్చేశాను. నన్ను ఎవరూ దగ్గరకు రానివ్వలేదని అన్నేళ్ళు కుమిలిపోయాను గానీ, ఆ బస్సులో రోజూ పొద్దున్నే కాదనిపించుకున్నది ఆమె.