పూజలో కూర్చున్న గోల్ఫ్ కర్ర

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మనిషి బాగుపడాలంటే చదువూ కష్టమూ చాలవు, పై అధికారి ఆడే ఆట కూడా రావాలని. జహీరాబాద్‌లో ట్రాక్టర్ విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో నేను కొత్త ఇంజనీరుని. హైదరాబాద్ ఆఫీసులో ఒక సీటు ఖాళీ అయింది. పుణె నుంచి వచ్చిన మా పెద్దసారుకు గోల్ఫ్ అంటే ప్రాణం. తనతో మైదానంలో నడిచినవాళ్లనే ఆయన పైకి తీసుకుపోతారని క్యాంటీన్ వార్త. (క్యాంటీన్ వార్త అబద్ధం కావడం నేనెరుగను, ఉప్మాలో జీడిపప్పు వేశామన్నది తప్ప.) దసరా సెలవునాడు పొద్దున హైదరాబాద్‌లో ఆడదాం, ఎవరొస్తారని సారు అడిగితే, అందరికంటే ముందు లేచిన చెయ్యి నాది. అప్పటికి నేను గోల్ఫ్ చూసింది ఫోన్లోనే.

ఆ ఆటకు సంచీ నిండా కర్రలుంటాయట. నా జీతానికి ఒక్కటే వస్తుంది. దగ్గర నుంచి బంతిని పైకి లేపి జెండా పక్కన పడేసే పొట్టి కర్ర, వెడ్జ్ అంటారు, అదొకటి చాలన్నాడు మా సెక్షన్‌లోని గోదావరి అన్న. (భీమవరం వైపు మనిషి. గోల్ఫ్ ఎన్నడూ ఆడలేదు గాని, అభిప్రాయం లేని విషయం ఆయనకు లేదు.) వెడ్జ్ తల సులువుగానే తేలింది. దాని కామ, అదే షాఫ్ట్, దగ్గరే నా ప్రాణం పోయింది. ఉక్కుదా, గ్రాఫైటుదా? బరువైనదా, తేలికదా? బిగువుగా ఉండాలా, వంగాలా? ఒక వీడియోలో ఒకాయన బరువు షాఫ్టయితేనే దెబ్బ అదుపులో ఉంటుందనేవాడు, ఇంకో వీడియోలో ఇంకొకాయన మోచేయి పోతుందని భయపెట్టేవాడు. "గ్రాఫైట్ తీసుకోవయ్యా తమ్ముడూ, వెన్నపూసలా ఉంటుంది" అని పొద్దున చెప్పిన గోదావరి అన్నే, సాయంత్రానికి "ఉక్కే మంచిదిలే, పదికాలాలు పడుంటుంది" అనేవాడు. చివరికి హైదరాబాద్‌లో దుకాణానికి పోతే, అక్కడి మనిషి ఎంతో మర్యాదగా "మీ మిగతా క్లబ్బులకు ఏ షాఫ్టులున్నాయి సార్? దీన్ని వాటికి జోడీగా చూడాలి" అన్నాడు. మిగతావి ఉంటే కదా. భూమి చీలితే బాగుండుననిపించింది. "అవి ఇంటికాడ ఉన్నయ్" అని గొణిగి, చేతికందిన బరువైన ఉక్కు షాఫ్టే బిగించుకుని బయటపడ్డాను.

మా ఊరు మొగుడంపల్లికి పోయే ఆటోలో ఒక అవ్వ "గిదేం కట్టె కొడుకా, పాములకా?" అని అడిగింది. ఇంట్లో నాయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం జేస్తదిరా గిది?"

"నా బతుకు మారుస్తది నాయనా."

ఆయన దాన్ని జాగ్రత్తగా మూలన నిలబెట్టాడు. రోజూ డ్యూటీ దిగి, పెసర తీసేసిన మా ఎర్రచేలో బంతి కొట్టేవాణ్ని. మొదట మట్టి లేచేది, బంతి లేచేది కాదు. పోనుపోను చెయ్యి ఆ బరువుకు అలవాటుపడి, బంతి కూడా నా మీద దయతలచింది.

దసరా పొద్దున చూస్తే కర్ర మూలన లేదు. నవమి సాయంత్రం నేను ఫ్యాక్టరీ పూజలో ఉండగా, ఇంట్లో నాయన పనిముట్లన్నీ కడిగి పూజలో పెట్టాడు. కొడవళ్లు, పార, స్పానర్లు, అమ్మ కుట్టుమిషను, వాటి మధ్య పసుపు కుంకుమలతో నా వెడ్జ్.

"నాయనా, గది నాకు ఇప్పుడే గావాలె. కారొస్తది."

"పూజల గూసున్న పనిముట్టు మాపటికి జమ్మి తెచ్చినంకనే లేవాలె. బతుకు మారుస్తదని నువ్వే అంటివి గదరా. గసొంటిదాన్ని పూజకు పెట్టకుంటె ఎట్ల?"

ఆయన స్నానానికి పోగానే నా చెయ్యి దాని మీదికి పోయింది. అప్పుడు చూశాను. తాతల నాటి పారను వెనక్కి జరిపి, నా కర్రను అన్నిటికంటే ముందు పెట్టాడు నాయన. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

ఉత్త చేతులతో పోయిన నాకు మైదానంలో సారు తన వెడ్జే ఇచ్చారు. ఆయనకు మోచేతి నొప్పట, అందుకే దానిది తేలిక గ్రాఫైట్ షాఫ్ట్. ఉక్కుకు అలవాటైన నా చేతులు ఊపిన ఊపుకు బంతి జెండాను దాటి, ఇసుక గుంటను దాటి, టీ తాగుతున్న పెద్దమనుషుల మధ్య పడింది. రెండో దెబ్బకు గడ్డి పెళ్ల మాత్రమే ఎగిరింది. "ఇంత కోపం దేని మీద?" అని సారు హిందీలో మెల్లగా అడిగారు. హైదరాబాద్ సీటు గోదావరి అన్నకు వచ్చింది. బిర్యానీ ఉంటుందని కారెక్కిన ఆయన ఆ రోజు కర్ర ముట్టలేదు, సారు కొట్టిన ప్రతి దెబ్బకూ తల ఊపాడు, అంతే. నేను చాలా రోజులు సరిగ్గా అన్నం తినలేదు. షాఫ్టుల వీడియోలు మాత్రం ఫోను తెరిస్తే చాలు, తమంతట తామే వచ్చేవి.

ఇప్పటికీ నేను జహీరాబాద్‌లోనే ఉన్నాను, అదే ఫ్యాక్టరీలో. మొన్నటి దసరాకు నాయనకు మోకాళ్లు వంగడంలేదని పనిముట్లు నేనే కడిగాను. ఒక్కనాడూ మైదానంలో పనిచేయకుండా ఏటా పూజలందుకుంటున్న ఆ కర్రను సిగ్గుతో వెనక వరుసలో పెట్టాను. నాయన కుర్చీలోంచి చూసి, తన చేతికర్ర అందుకుని లేచాడు. మెల్లగా వచ్చి దాన్ని మళ్లీ ముందుకు జరిపాడు.

"దాని పని ఇంకా గాలేదు గదరా" అన్నాడు.

నవ్వొచ్చింది నాకు. తుడిచి, ఇంకో బొట్టు పెట్టాను.