దాపరికం లేని ముఖం

కౌన్సిలర్ అన్నాక మెత్తగా మాట్లాడాలి, తక్కువ మాట్లాడాలి, మనసులో ఉన్నది ముఖంలో కనపడనివ్వకూడదు. నా లెక్క అది. మా ఆసుపత్రికి వచ్చిన కౌన్సిలర్ ఈ మూడింటిలో ఒక్కటీ లేని మనిషి. తాగొచ్చి పెళ్లాన్ని కసిరే మొగుణ్ని చూస్తే ఆమె చెవులు ఎర్రబడేవి. ఎవరైనా నవ్వు పుట్టించే మాటంటే వార్డంతా వినపడేలా నవ్వేది. ఆకలేస్తే ఆకలేస్తోందని రోగుల ముందే చెప్పేసేది. వచ్చిన వారంలోనే నేను తేల్చేశాను, ఈ పిల్ల ఇక్కడ నిలవదని.

నేను అక్కడ స్టాఫ్ నర్సుని. విజయనగరం వైపు పల్లెలో పుట్టి, ఉద్యోగం పేరుతో కొండెక్కి, దిగడం మరిచిపోయినదాన్ని. మా ఆసుపత్రి పక్కనే గర్భిణుల వసతి గృహం ఉంది. రోడ్డు లేని ఊళ్ల నుంచి నెలలు నిండుతున్న ఆడవాళ్లని ముందుగానే తెచ్చి అక్కడ ఉంచుతాం. నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టి కొండలు దింపే అవస్థ ఉండకూడదని ఆ ఏర్పాటు. తేవడం ఒక ఎత్తు, కాన్పు దాకా వాళ్లని అక్కడ ఆపడం ఇంకో ఎత్తు. ఇంటి దగ్గర మేకలు చూసేవాళ్లు లేరని ఒకరు, పెద్దపిల్ల బెంగెట్టుకుందని ఒకరు వెళ్లిపోతామనేవాళ్లు. ఏ కారణమూ చెప్పకుండా తెల్లారేసరికి సంచీతో సహా మాయమయ్యేవాళ్లు ఇంకొందరు. వాళ్లకి నచ్చజెప్పి ఉంచడమే కౌన్సిలర్ పని.

ఈమె అనకాపల్లి పిల్ల. నోట్లో నువ్వుగింజ నానదంటారే, ఆ బాపతు. ఒకరి గుట్టు ఇంకొకరికి చెప్పేది కాదు, ఆ విషయంలో గట్టి మనిషే. తన మనసులో మాట మాత్రం నిమిషం ఆగేది కాదు. ఆమెకో గది, బల్ల, రెండు కుర్చీలు ఇచ్చారు. ఆ కుర్చీల్లో బల్లులు తప్ప ఎవరూ కూర్చున్నట్టు నేను చూడలేదు. మధ్యాహ్నమయ్యేసరికి క్యారేజీ పట్టుకుని వసతి గృహం వరండాలో ఆడవాళ్ల మధ్య చతికిలపడేది. ఒంటరిగా తింటే ముద్ద దిగదట. "నీ పళ్లెంలో అదేటి? నాకో ముద్ద పెట్టు" అని అడిగి మరీ తినేది. నేను చూస్తే, "అడగందే అమ్మైనా పెట్టదు కదా సిస్టర్" అని నాకే సామెత చెప్పేది.

"గవర్నమెంటు జీతమిచ్చి మరీ భోజనానికి పంపింది" అని ఓసారి వంటమనిషి దగ్గర అన్నాను. ఆ మాట ఆమె చెవిన పడింది. నొచ్చుకుంటుందనుకుంటే, "నిజమే సిస్టర్, ఇంత మంచి ఉద్యోగం ఎవరికి దొరుకుద్ది?" అంది.

కాఫీ తోటలు తెల్లగా పూసే రోజుల్లో, పెదబయలు దాటి చాలా లోపలున్న ఊరి నుంచి ఒక గుంట వచ్చింది. మా వైపు ఆడపిల్లని గుంట అంటాం, అలవాటుగా అన్నాను గానీ ఆమెకది రెండో కాన్పు. మొదటి బిడ్డని, తనని డోలీలో తెస్తుండగా దారిలోనే కన్నది. ఆ బిడ్డ దక్కలేదు. ఈసారి ఒంట్లో రక్తం తక్కువ, బీపీ ఎక్కువ, పాదాలు బాగా వాచాయి. డాక్టరమ్మ పరీక్ష చేసి నన్ను పక్కకి పిలిచింది. "ఈమె కాన్పు దాకా ఇక్కడి నుంచి కదలకూడదు. కొండ మీద నొప్పులొస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు" అంది.

అలాంటి మనిషి తిండి మానేసింది. ఉత్త అన్నంలో ఉప్పు కలుపుకుని నాలుగు మెతుకులు తినడం, పప్పూ కూరా పక్కకి నెట్టేయడం. "నువ్వు తినకపోతే కడుపులో బిడ్డ ఏటి తింటాదే?" అని నేను కోప్పడ్డాను, బతిమాలాను. తల దించుకుని ఊఁ కొట్టేది. మర్నాడు మళ్లీ అంతే. పోయిన బిడ్డ మీద బెంగ కాబోలు అనుకున్నాను.

కౌన్సిలర్ అలవాటు ప్రకారం ఆమె పక్కన చేరి పళ్లెంలో చెయ్యి పెట్టింది. "నువ్వు తినవా? అయితే నేను తినేస్తా." పప్పు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "అబ్బ, ఏం పులుపు! దీన్ని వదిలేస్తన్నావేటే పిచ్చిదానా?"

ఆ గుంట అప్పుడు నోరు విప్పింది. "మామిడికాయ ఏసినారు కదక్కా. మా ఊర్ల ఇంకా కొత్త అవ్వనేదు."

వాళ్ల ఊళ్లలో ఆ ఏడు కాసిన మామిడికాయ ముందు దేవతకి పెడతారు. ఊరంతా కలిసి మామిడి కొత్త పండగ చేసుకున్నాకే నోట పెడతారు. ఈలోగా తింటే కీడు. కడుపుతో ఉన్నది తింటే ఆ కీడు బిడ్డకి తగులుతుందని ఆమె భయం. మా వంటమనిషేమో కాయ చవగ్గా దొరుకుతోందని పప్పులోనూ కూరలోనూ అదే వేస్తోంది. పండగ సంగతి నాకు తెలియక కాదు, ఏటా మా ఆయాలు దానికి సెలవు పెడతారు. పండగ వచ్చి ఆ పళ్లెంలో కూర్చుందని మాత్రం మాలో ఎవరికీ తట్టలేదు. ఒక బిడ్డని పోగొట్టుకున్న తల్లి ఇంకో బిడ్డ కోసం పస్తులుంటే, బిడ్డ కోసమే తినమని మేం తిడుతున్నాం.

కౌన్సిలర్ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. "అయ్యో, నీ ముందే చప్పరిస్తూ తిన్నానే!" అంది. సిగ్గుతో ముఖం కందిపోయింది. ఆమె అవస్థ చూసి ఆ గుంట ఫక్కున నవ్వింది. "నీకు పర్లేదక్కా. మీ దేవతలు వేరు కదా" అని ఆమెకే ధైర్యం చెప్పింది. ఆ పూట నుంచి ఆమెకి ఉత్తపప్పు, గుడ్డు వేరుగా పెట్టించాం. పళ్లెం ఖాళీ చేసేది.

అంతలో అత్తా మొగుడూ దిగారు. కొత్త పండగకి రోజు కుదిరిందట, కోడల్ని తీసుకుపోతారట. "పండక్కి ఇంటి మనిషి నేకపోతే ఎలాగ? అయిపోగానే బేగి తెచ్చి దిగబెట్టెత్తాం" అంది అత్త. డాక్టరమ్మ ప్రమాదం గురించి చెప్పింది. విన్నారు, కదల్లేదు. నేను నా మాటగా, "ఇక్కడుంచితే ఏం కాదు. బంగారం లాటి బిడ్డ పుడతాది" అన్నాను.

"ఏటీ కాదని కిందటిపాలీ సెప్పినారు" అంది అత్త.

ఆ గుంట కౌన్సిలర్ వైపు తిరిగింది. "అక్కా, నాను ఇక్కడుంటే బిడ్డ బతుకుతాదా?"

"తెలీదే" అంది కౌన్సిలర్.

నేను నుదురు కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఎవరైనా అలా అంటారా? ఆమె ఆగలేదు. "నువ్వు కొండెక్కుతానంటే నాకు చాలా భయంగా ఉంది. ఇక్కడున్నా భయమే, కాకపోతే తక్కువ. ఇక్కడ డాక్టరమ్మ ఉంది, మందుంది, రక్తం ఎక్కించే వీలుంది. అక్కడ నీకేమైనా అయితే నేను రాలేను, ఎవరం రాలేం." చివరి మాట అంటూనే ఏడ్చేసింది. దాచుకోవడానికి ప్రయత్నమైనా చెయ్యలేదు.

అత్త ఆమెని పరకాయించి చూసింది. తర్వాత కొడుకుతో, "ఈయమ్మ నిజంగానే బయపడతందిరా" అంది.

ఆ తర్వాత బేరాలేమీ లేవు, కోడల్ని ఇక్కడే ఉంచుతామన్నారు. దేవతకి పెట్టిన కాయని ఇక్కడికి తెచ్చి పెడితే తప్పవుతుందా అని కౌన్సిలర్ అడిగింది. తప్పేటి, తెత్తాం అంది అత్త. పండగైన మర్నాడు మొగుడు అడ్డాకులో కట్టిన మామిడి ముక్కలతో దిగాడు. ఆ గుంట ఒక ముక్క తాను తిని, రెండోది కౌన్సిలర్ నోట్లో పెట్టింది.

నా సర్వీసులో చాలామంది కౌన్సిలర్లని చూశాను. అందరిదీ ఒకే ట్రైనింగు, చెప్పేవి అవే మాటలు. ఒకరి నోట పాఠంలా వినపడ్డ మాట ఇంకొకరి నోట సొంత అక్కచెల్లెలు చెప్పినట్టుంటుంది. ఆ తేడా ట్రైనింగులో లేదు, మనిషిలో ఉంది. ఎదుటివాళ్లకి ధైర్యం చెప్పాలంటే మన భయం దాచాలని నేనెప్పుడూ నమ్మాను. ఆమె ఏదీ దాచేది కాదు, అందుకే ఆమె మాట నమ్మేవాళ్లు. ఆమె మీద నాకు గౌరవంతో పాటు కాస్త కుళ్లు కూడా పుట్టింది.

నొప్పులు మొదలైన రోజున కౌన్సిలర్ జి.మాడుగుల వైపు క్యాంపుకి వెళ్లింది. అక్కడ ఫోను సిగ్నల్ అందదు. పొద్దెక్కేసరికి బీపీ ఎగబాకింది. ఇంజెక్షన్ ఇచ్చాం. కడుపులో బిడ్డ గుండె చప్పుడు నెమ్మదించింది. డాక్టరమ్మ మాట్లాడటం మానేసి పనిలో పడింది. ఆ గుంట నా మణికట్టు పట్టుకుంది.

"సిస్టరమ్మా, నీకు బయంగా ఉందా?"

'ఏం కాదమ్మా' అన్నది నా నాలుక చివరే ఉంది. ఏళ్ల తరబడి ఆ గదిలో ఎందరికో చెప్పిన మాట. ఆమె కళ్లలోకి చూశాక అది బయటికి రాలేదు.

"ఉందమ్మా. చాలా ఉంది. నీ చెయ్యి వదలను."

"నాకూ ఉంది. వదలకు" అంది. పళ్లు బిగించి, డాక్టరమ్మ చెప్పినట్టల్లా చేసింది.

బిడ్డ నీలంగా పుట్టింది. ఏడవలేదు. డాక్టరమ్మ వీపు రుద్దింది, ముక్కూ నోరూ తుడిచింది, ముఖానికి మాస్కు ఆన్చి ఊపిరి అందిస్తోంది. ఇలాంటప్పుడు నేనెప్పుడూ తల్లికి అడ్డంగా నిలబడి ట్రే సర్దుతాను, నా ముఖం ఆమెకి కనపడకుండా. ఈసారి కదల్లేదు. నా ముఖంలో ఏముందో ఆమె చూస్తూనే ఉంది, నేను చూడనిచ్చాను.

ముందు ఒక చిన్న దగ్గులాంటిది వినిపించింది. తర్వాత గది దద్దరిల్లేలా ఏడుపు. ఆడపిల్ల.

నేనింకా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకునే ఉన్నాను. ఆ గుంట రెండో చెయ్యి కూడా తెచ్చి నా చేతి మీద వేసింది.

"అయిపోయింది సిస్టరమ్మా" అంది. "ఇంక బయపడకు."